స్విచ్చు దగ్గర మనిషి

క్రషర్‌లోకి దిగేవాడికి బయట ఇద్దరు దేవుళ్లుంటారు. ఒకటి తాళం, రెండోది స్విచ్చు దగ్గర నిలబడే మనిషి. ఆ వేసవి దాకా నేను ఇద్దరినీ నమ్మాను.

క్రషర్ అంటే బొగ్గును నలగ్గొట్టే యంత్రం. గదంత ఇనప పెట్టె. లోపల అడ్డంగా ఒక ఇరుసు, దానికి వరసగా వేలాడే సుత్తులు. తిరిగినప్పుడు ఎంతటి బొగ్గు పెళ్లయినా గవ్వలంత ముక్కలైపోతుంది. బొగ్గుతో పాటు ఏ బండరాయో, ఇనప తుక్కో వచ్చి ఇరుక్కుంటే మిషను ఆపి, పక్కనున్న కిటికీలాంటి తలుపులోంచి ఒకడు పాక్కుంటూ వెళ్లి దాన్ని గునపంతో పెకలించాలి. ఆ ఒకడు నేను. సన్నగా ఉంటానని ఒక కారణం, ఏడో తరగతితో బడి మానేశానని ఇంకో కారణం. చదువుకున్నవాడు ఎవడైనా ఆ తలుపు చూడగానే వేరే పని వెతుక్కుంటాడు.

దిగేముందు కరెంటు హ్యాండిల్ కిందికి లాగి, దాని కొక్కానికి నా తాళం వేసి, తాళంచెవి మెళ్లో వేసుకుంటాను. వేసినవాడే తియ్యాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ఇంకొకడి తాళం ముట్టకూడదు. ఇది గోడ మీద రాసిపెట్టిన రూలు. రాయని రూలు ఇంకొకటుంది. స్విచ్చు దగ్గరున్నవాడు స్పానరుతో పెట్టె రేకు మీద ఆగి ఆగి తడుతూ ఉండాలి. లోపలివాడికి ఆ చీకట్లో కనబడేదేమీ ఉండదు, చెవులే కళ్లు. టక్కుమని వినబడిందంటే బయట మనవాడున్నాడని అర్థం.

ఆ మనవాడు మా బావ. అక్క మొగుడు. నన్ను ఈ పనిలో పెట్టించింది కూడా ఆయనే. కంపెనీ క్వార్టర్లలో వాళ్లదీ మాదీ ఒకే గోడ. సాయంత్రం డ్యూటీ దిగాక ఇద్దరం ఒళ్లు కడుక్కునేవాళ్లం. మసి ఎంత రుద్దినా కంటి అంచుల్లో మిగిలిపోయేది, కాటుక పెట్టుకున్న పెళ్లికొడుకుల్లా ఉండేవాళ్లం. ఆయన మా ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చునేవాడు.

ఆ ఏడు టీవీలో ఇంకో మాట లేదు. మాదానిలాంటి పాత బొగ్గు కరెంటు కేంద్రాలన్నీ మూసేసి ఎండతోనూ గాలితోనూ కరెంటు తీస్తామని ప్రభుత్వం కొత్త విధానం తెచ్చింది. మూయనివ్వం, ఉన్నవాటినే ఇంకా పెంచుతాం అని ఎదుటి పార్టీ. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. నా మట్టుకు నాకు ఇద్దరూ ఒకటే. ఒకడు పొగ అమ్ముతాడు, ఇంకొకడు గాలి అమ్ముతాడు. రెండూ పీల్చేది మనమే.

మా ఇంట్లో మాత్రం రోజూ అసెంబ్లీయే. మా ఆవిడ కాలనీ డిస్పెన్సరీలో నర్సు కింద సాయానికుండేది. కట్లు కట్టడం, సూదులు అందివ్వడం, ఆయాసంతో వచ్చిన పిల్లల మొహానికి ఆవిరి మిషను పట్టడం ఆమె పని. బావేమో యూనియన్ కమిటీలో మనిషి.

"సూర్యుడు రాత్రి డ్యూటీకి వస్తాడామ్మా?" అనేవాడు బావ.

"రాడన్నయ్యా. మీ బొగ్గు ఒక్కరోజు కూడా సెలవు పెట్టదు. అదే కదా నా బాధ."

"నువ్వు పిల్లలకి పట్టే ఆ ఆవిరి మిషను దేంతో నడుస్తుంది? మేం తీసిన కరెంటుతోనే."

"ఆ మిషను అవసరం ఎందుకొచ్చిందో కూడా చెప్పు మరి."

బావ తొడ చరుచుకుని నవ్వేవాడు. "ఒరే, నీ పెళ్లాన్ని పార్లమెంటుకి పంపరా, పీడా పోతుంది" అనేవాడు నాతో. అక్క గోడవతల నుంచి "తిండి చల్లారిపోతోంది, దేశాన్ని రేపు బాగుచెయ్యొచ్చు" అని కేకేసేది. మర్నాడు మళ్లీ మొదలు. వాదించుకోడానికే ఆయన వచ్చేవాడని నాకు తెలుసు. ఇంటికి పోయి అక్కతో వాదించలేడు కదా, అక్క వినదు.

అలా నవ్వులాటగా నడిచిపోయేదేమో. ఇంతలో ప్రభుత్వం వేసిన కమిటీ ఒకటి మా కాలనీకొచ్చింది, జనం ఏమనుకుంటున్నారో వింటామని. హాలు కిటకిటలాడింది. మన తరఫున ఒక్కడే మాట్లాడతాడని యూనియన్ ముందే చెప్పింది. ఆ ఒక్కడు మా నాయకుడు. అందరూ ఆయన్ని మైకు అనేవాళ్లు. చెవిలో రహస్యం చెప్పినా వీధి చివరికి వినబడే గొంతు. ఆయన అరగంట దంచాడు. పొయ్యిలు ఆరిపోతాయన్నాడు, కాలనీ వల్లకాడవుతుందన్నాడు. చప్పట్లు మోగాయి. కమిటీ పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, "ఇంకెవరైనా?" అని అడిగాడు. ఏదో మాటవరసకి అడిగినట్టుంది ఆ అడగడం.

నా పక్కన కుర్చీ కిర్రుమంది. మా ఆవిడ లేచి నిలబడింది.

పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "డిస్పెన్సరీ కిటికీ పొద్దున్న తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ వేలితో పేరు రాయొచ్చండి. ఆ గాలే పిల్లలు పీలుస్తున్నారు. నేను పనిలో చేరినప్పుడు ఆవిరి మిషను ఒకటుండేది, వారానికోసారి బయటికి తీసేవాళ్లం. ఇప్పుడు వరసలో కూర్చోబెడుతున్నాం. ఏరులో నీళ్లు వేడెక్కి చేపలు తేలుతున్నాయి, బూడిద చెరువు పక్క బోరునీళ్లు తాగలేకపోతున్నాం. మా ఇంట్లోనూ ఈ కేంద్రం జీతమే తింటున్నాం. అయినా మూసెయ్యడమే మంచిదని నాకనిపిస్తోంది. మూసేముందు మావాళ్లకి ఇంకో పని చూపించండి" అంది. కూర్చుంది.

ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. మా వెనక వరసలో వాళ్లు ఒకరి తర్వాత ఒకరు కుర్చీలు వెనక్కి జరుపుకున్న చప్పుడు మాత్రం వినబడింది. మళ్లీ వస్తామని, చెప్పినవాళ్లందరినీ ఇంకోసారి పిలిచి వివరాలు అడుగుతామని కమిటీ వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మంలో బొగ్గుపొడి కుప్ప. ఎవరో గంపతో తెచ్చి బోర్లించారు. మా ఆవిడ చీపురు తెచ్చుకుంది. ఆ మర్నాడూ అంతే. వీధి కుళాయి దగ్గర ఆమె బిందె పెట్టగానే మిగతా ఆడవాళ్లు తమ బిందెలు తీసేసుకునేవాళ్లు. డిస్పెన్సరీలో తల్లులు పిల్లల్ని ఆమె చేతికివ్వకుండా నర్సు కోసం కూర్చునేవాళ్లు. అది మాత్రం ఆమెకి తగిలింది.

అక్క ఒక మధ్యాహ్నం దొడ్డిదారిన వచ్చి కూర్చుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు మరదలా. మనసులో ఎన్నో ఉంటాయి. అన్నీ మైకులో చెప్తామా?"

"మనసులో ఉన్నది కాదు వదినా. కిటికీ మీద ఉన్నదే చెప్పాను."

"చెప్పావు. ఇప్పుడు వీడు ఏ యంత్రంలోకి దిగుతాడో నీకు తెలీదా?"

మా ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నానని ఇద్దరికీ తెలుసు.

క్రషర్ హౌసులో నేను వెళ్తే మాటలు ఆగిపోయేవి. గాలిమర అని పేరు పెట్టారు నాకు. "గాలిమర వచ్చాడు, ఫ్యాన్లు కట్టెయ్యండ్రా" అని ఒకడంటే అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను మొదట్లో. ఒకరోజు క్రషర్‌కి బొగ్గు మోసుకొచ్చే బెల్టు మీద పనిచేసే పొడుగువాడు నా తాళాన్ని అరచేతిలో తూచి చూసి, "ఈ మధ్య తాళాలు నాసిరకం వస్తున్నాయన్నా. చూసుకో" అన్నాడు. వాడి మొహంలో నవ్వు లేదు. ఆ రోజు నేను నవ్వలేదు.

ఆ మాట నా వెన్నులో దిగబడిపోయింది. సన్నటి తడిచువ్వ లాంటిది ఒకటి, మెడ దగ్గర మొదలై కిందికి. ఆ తర్వాత దిగిన ప్రతిసారీ తలుపులో సగం దూరి, మళ్లీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసుకునేవాణ్ణి. బావ విసుక్కునేవాడు కాదు. "ఉందిరా, ఉంది. నేనూ ఉన్నా" అనేవాడు. లోపల పడుకుని పని చేస్తుంటే పైన సుత్తులు నా మెడకి జానెడు ఎత్తులో వేలాడుతూ ఉండేవి. ఇన్నాళ్లూ వాటిని ఇనుము అనుకున్నాను. ఇప్పుడవి నా వైపు చూస్తున్నట్టుండేవి. టక్కు. టక్కు. ఆ చప్పుడు పట్టుకుని ఊపిరి పీల్చుకునేవాణ్ణి. తిండి సయించేది కాదు. ఇంట్లో మిక్సీ తిప్పినా ఉలిక్కిపడేవాణ్ణి.

మైకు ఒకసారి క్యాంటీన్లో నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తే ఎంత భయంగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

"తమ్ముడూ, నీ మీద ఎవరికీ కోపం లేదు. కమిటీ వచ్చే వారం మళ్లీ వస్తోంది. మీ ఆవిడ లేచి, పోయినసారి పొరపాటు పడ్డానంటే చాలు. మన ఇంటి మనిషి మాటే వాళ్లకి పెద్ద ఆయుధమైపోయింది. పేపర్లో కూడా వేశారు."

"ఆమె నా మాట వినే రకం కాదన్నా."

"వినేలా చెప్పు. కుర్రాళ్లు నా చేతిలో లేరు."

ఆ సాయంత్రం ఆమెకి చెప్పాను. తడిబట్టలు పిండుతూ విని, నా మొహంలోకి చూసింది. "భయపడుతున్నావా?" అంది.

"భయపడుతున్నాను."

మగాడు ఆ మాట అంటే ఏదో ఒకటి తెగిపోతుందనుకునేవాణ్ణి. ఏమీ తెగలేదు. ఆమె బట్ట దులిపి తీగ మీద వేసింది. "నేనూ భయపడుతున్నాను. కుళాయి దగ్గరికి పోవాలంటే బిందె తీసి మళ్లీ పెట్టేస్తున్నాను. కానీ లేదని ఎలా చెప్పను? పొద్దున్న కూడా ఆ పోస్టుమాన్ కూతురికి మిషను పెట్టాను. మూడేళ్లుంటాయేమో. దగ్గలేక నా వేలు పట్టుకుని కొరికింది." ఇంకో బట్ట అందుకుంటూ, "స్విచ్చు దగ్గర అన్నయ్య ఉన్నాడు కదా?" అంది.

ఉన్నాడు. ఆ ఒక్క మాట మీదే ఇద్దరం ఆ వారం గడిపాం.

కమిటీ వచ్చే ముందురోజు మధ్యాహ్నం. ఎండకి రేకులు పేలుతున్నాయి. బెల్టు మీద ఏదో పెద్దది వచ్చి క్రషర్ గుర్రుమని ఆగిపోయింది. ఇంజనీరు ఫోన్లో అరిచాడు, అరగంటలో మిషను తిరగాలన్నాడు. హ్యాండిల్ దించాను. తాళం వేశాను. లాగి చూశాను. బావ స్పానరు చేతిలోకి తీసుకున్నాడు. నేను దూరాను.

సుత్తులకీ గోడకీ మధ్య ఒక రైలుపట్టా ముక్క అడ్డంగా దిగబడి ఉంది. బెల్టు దాటి అది అంతదూరం ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. అయస్కాంతం ఉంది కదా మధ్యలో ఇనుము లాగేయడానికి, చిన్న తుక్కు తప్పించుకోవచ్చు గానీ ఇంత పట్టా దాన్ని ఎవరో ఆపితే తప్ప రాదు. ఆ ఆలోచన వచ్చేసరికి నేను పూర్తిగా లోపల ఉన్నాను, కాళ్లు ముడుచుకుని. గునపం ఆనించి ఊపాను. కదల్లేదు. టక్కు. మళ్లీ ఊపాను. టక్కు.

తర్వాత చప్పుడు రాలేదు.

ఆయన ముక్కు చీదుకుంటున్నాడేమో అనుకున్నాను. చెమట కంట్లో పడింది, తుడుచుకోడానికి చెయ్యి రాదు. ఇంకా రాలేదు. "బావా" అన్నాను. నా గొంతు ఆ పెట్టెలోనే తిరిగి నా చెవిలో పడింది. బయట ఎవరివో బూట్లు రేకుల మీద రాసుకుంటున్నాయి. ఒకడివి కావు. ఎవరో గట్టిగా ఊపిరి వదులుతున్నారు, బస్తా ఎత్తేటప్పుడు వదిలినట్టు. ఇనుము ఇనుమును కొరికే చప్పుడు, పళ్లు నూరినట్టు. ఆ చప్పుడు నాకు తెలుసు. తాళాలు తెంపే కట్టర్.

వెనక్కి పాకాలి. కాళ్లు తలుపు వైపున్నాయి, చొక్కా పట్టా అంచుకి తగులుకుంది. లాగితే రాదు. సుత్తి ఒకటి నా భుజానికి ఆనింది. అది కదిలిందా, నేను కదిలానా తెలియలేదు. ఆ క్షణంలో నాకు దేవుడు గుర్తు రాలేదు, ఇల్లు గుర్తు రాలేదు. పొట్ట రేకుకి అదిమి, చిన్న పురుగులాగా, ఇంకా చిన్నగా ఎలా అవ్వాలా అని మాత్రమే అనుకున్నాను. ప్యాంటు తడిసిపోయింది. చెప్పుకోవడానికి సిగ్గులేదు. అక్కడికి దిగనివాడు నవ్వుకోవచ్చు.

చొక్కా చిరిగింది. ఒక్క ఉదుటున బయటపడ్డాను.

స్విచ్చు గూటికి వీపు ఆనించి బావ నేల మీద కూర్చుని ఉన్నాడు. ఇంకెవరూ లేరు. మెట్ల మీద దిగిపోతున్న అడుగుల చప్పుడు వినబడుతోంది. తాళం కొక్కానికే ఉంది, దాని కడ్డీ మీద కట్టర్ పళ్ల గాట్లు తెల్లగా మెరుస్తున్నాయి. బావ కుడిచేతికి తువ్వాలు చుట్టుకున్నాడు. ఆ తువ్వాలు రంగు మారుతోంది.

"అయిందా పని?" అన్నాడు.

"తట్టడం ఆపావేంటి బావా?"

"చెయ్యి ఖాళీ లేదురా."

నేను ఆయన ముందు కూలబడ్డాను. ఆయన మొహం బూడిద కన్నా తెల్లగా ఉంది. అరచెయ్యి తాళం మీద కప్పి పట్టుకున్నాడట. వచ్చిన కుర్రాళ్లు చెయ్యి తియ్యమని ముందు బతిమాలారట, తర్వాత తిట్టారట, తర్వాత చెయ్యి ఉండగానే కట్టర్ పెట్టారట.

"చంపడానికి కాదంట రా. ఒక్క తిప్పు తిప్పి ఆపేస్తారంట. బుద్ధి రావడానికంట."

"ఒక్క తిప్పుకి ఏమవుతుందో వాళ్లకి తెలీదా?"

"తెలీకేం."

పోలీసులకి చెబుదామన్నాను. ఆయన అడ్డంగా తలూపాడు. "ఇది బయటికి పొక్కితే రేపు పేపర్లో యూనియనంతా రౌడీలని వేస్తారు. మూసెయ్యమనేవాళ్లు గంతులేస్తారు. మూడొందల కుటుంబాలురా. తలుపు సందులో పడి నలిగిందని చెప్తా. నువ్వూ అదే చెప్పు." లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. "మీ ఆవిడ చెప్పింది తప్పే. ఇప్పటికీ అదే అంటా. అది వేరు, ఇది వేరు."

డిస్పెన్సరీకి నేనే తీసుకెళ్లాను. డాక్టరు లేడు, మా ఆవిడే తువ్వాలు విప్పింది. రెండు వేళ్లు వేళ్లలా లేవు. "తలుపు సందులో పడిందమ్మా" అన్నాడు బావ, గోడ వైపు చూస్తూ. ఆమె నీళ్లు పోసి కడిగింది. చర్మం మీద వరసగా, ఇటూ అటూ, పళ్ల గుర్తులు. తలుపుకి పళ్లుండవు. ఆమె ఆ గుర్తుల మీద దూది ఆనించి, తల తిప్పి నా చిరిగిన చొక్కా చూసింది, తడిసిన ప్యాంటు చూసింది. పట్నం ఆసుపత్రికి పంపేదాకా ఆయన మణికట్టు పట్టుకునే కూర్చుంది.

మర్నాడు హాల్లో కమిటీ పెద్దాయన ఆమెను పిలిచాడు. మైకు స్వయంగా కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"పోయినసారి నేను చెప్పింది నా ఊహండి. పిల్లలకి దగ్గు ఎందుకొస్తుందో నాకు తెలీదు. నేను డాక్టర్ని కాదు."

పెద్దాయన కళ్లజోడు తీసి ఆమెను చూశాడు. "అమ్మా, మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా?"

"లేదండి. మా కాలనీలో అందరూ మంచివాళ్లే."

చప్పట్లు కొట్టారు. పొడుగువాడు కూడా కొట్టాడు. బయటికి వస్తుంటే ఎవరో ఒకావిడ ఆమె భుజం తట్టింది. కుళాయి దగ్గర ఆ మధ్యాహ్నమే బిందె పెట్టనిచ్చారు. తర్వాత ఎన్నికల్లో ఎవరు గెలిచారో, మా కరెంటు కేంద్రం ఏమైందో మీకు తెలిసే ఉంటుంది. నాకు గుర్తున్నది ఆ సాయంత్రం మాత్రమే.

పట్నం నుంచి తిరిగొచ్చి బావ తిన్నగా మా ఇంటికే వచ్చాడు. చెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టు, మెడకి వేలాడదీశారు. రెండు వేళ్లు తీసేశారు. అక్క ఆయన వెనకే వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఆయన తన జాగాలో కూర్చున్నాడు.

"దార్లో చెప్పారు. ఎందుకు వెనక్కి తీసుకున్నావమ్మా? నేను నిలబడ్డాను కదా."

మా ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఆయన ఎడమచేతికి అందించింది. "ఎన్నిసార్లు నిలబడతావన్నయ్యా? నీకింక ఒక్క చెయ్యే ఉంది."

ఆయన నీళ్లు తాగాడు. అలవాటు లేని చెయ్యి కదా, సగం చొక్కా మీద పడ్డాయి. టీవీలో అదే రచ్చ, ఒకాయన గాలిమరలంటున్నాడు, ఇంకొకాయన బల్ల గుద్దుతున్నాడు. బావ కాసేపు చూశాడు. గొంతు సవరించుకుని, ఎప్పటిలాగే కాలు మీద కాలు వేసుకుని, ఆమె వైపు తిరిగాడు.

"ఎవడెన్ని చెప్పినా బొగ్గు లేకపోతే ఈ దేశం చీకటేనమ్మా. ఏమంటావు?"

నేను ఆమె మొహం చూశాను. అక్క కూడా చూసింది. ఆమె ఖాళీ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకుంది.

"అవునన్నయ్యా" అంది.

బావ ఇంకా ఏదో వస్తుందని ఆగాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఆయన నా వైపు తిరిగాడు. కట్టర్‌కి చెయ్యి అడ్డం పెట్టిన మనిషి మొహంలో భయం అప్పుడు చూశాను నేను.